వెనక్కి చెప్పాల్సిన మాట

తెనాలి,
బుధవారం సాయంత్రం

రిబ్కాకి,

పెళ్ళయ్యాక నేను నీకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. పైన ఏమని రాయాలో తోచక చాలాసేపు కూర్చున్నాను. ప్రియమైన అని రాద్దామనుకున్నాను. ఎప్పుడూ నోటితో అనని మాట కాగితం మీద పెడితే నవ్వుతావేమో అనిపించి మానేశాను. నువ్వు నవ్వి చాలా రోజులైంది, నవ్వితే మంచిదే కదా అని ఇప్పుడు అనిపిస్తోంది. పైన ఖాళీ లేదు గనక ఇక్కడ రాస్తున్నాను. ప్రియమైన రిబ్కాకి.

ఉత్తరమేంటండీ, ఫోన్ చెయ్యొచ్చు కదా అంటున్నారు ఇక్కడివాళ్ళు. నాకు ఫోన్ చేతకాదని నీకు తెలుసు. మిల్లు షావుకారుకైనా, మీ అన్నయ్యకైనా, అబ్బాయికైనా, ఎవరికి చెయ్యాలన్నా నీ చేతే చేయించేవాణ్ణి. ఇప్పుడు నువ్వూ ముట్టుకోవడం లేదు. పోయిన జనవరి నుంచి నీ ఫోను బియ్యం డబ్బా మీద అలాగే పడి ఉంది. మోగితే లేచి పెరట్లోకి వెళ్ళిపోతావు. ఛార్జింగు మాత్రం నేను పెడుతూనే ఉన్నాను, ఎందుకో నాకే తెలియదు. నువ్వు మిషన్ బళ్ళో ఎనిమిది దాకా చదివావు. నేను గోతాల మీది అచ్చు చూసి అక్షరాలు కూడబలుక్కున్నవాణ్ణి. మిల్లులో పద్దులు రాయడానికి ఆ చదువు సరిపోయింది. ఉత్తరానికి సరిపోతుందో లేదో. తప్పులుంటే సర్దుకుని చదువు.

సోమవారం నేను వెళ్ళొస్తాను అన్నప్పుడు నువ్వు కంచంలో అన్నం పెడుతూ "వద్దండి" అన్నావు. ఎందుకని నేను అడగలేదు. నువ్వూ చెప్పలేదు. మన ఇంట్లో మాటలు ఈ ఏడాదిగా అలాగే మధ్యలో ఆగిపోతున్నాయి. ఇవాళ పొద్దున నేను అబ్బాయి సైకిలు బయటికి తీస్తుంటే తలుపు దగ్గర నిలబడి చూశావు. రేపల్లె దాటేదాకా వెనక్కి తిరిగి చూడలేదు నేను. చూస్తే ఆగిపోతానని.

ఎందుకు వచ్చానో రాస్తాను.

మన ఆకాష్‌ని సమాధి చేసిన రోజు తెనాలి నుంచి వాళ్ళ సైకిలు జట్టు మొత్తం వచ్చింది. నువ్వు లోపల ఆడవాళ్ళ మధ్య ఉన్నావు. నేను సమాధుల తోట గేటు దగ్గర నిలబడి ఉంటే, ఇద్దరు నా వెనక మాట్లాడుకోవడం వినపడింది. "మాట వాడి దాకా పోలేదు" అన్నాడు ఒకడు. రెండోవాడు "ఊరుకో" అన్నాడు. ఆ మాటకి అర్థం నాకు తర్వాత తెలిసింది. వీళ్ళు వరుసగా తొక్కుతారు. వెనకవాడికి రోడ్డు కనపడదు, ముందువాడి వీపే కనపడుతుంది. అందుకని అందరికంటే ముందున్నాయన రాయి చూస్తే "రాయి" అని కేకేస్తాడు. రెండోవాడు ఆ మాట మూడోవాడికి చెబుతాడు. అలా చివరిదాకా. గుంట వచ్చినా అంతే, గేదె అడ్డం వచ్చినా అంతే. విన్నమాట వెనకవాడికి అందించకుండా ఎవరూ ముందుకు పోకూడదు. వీళ్ళకి అదొక్కటే కట్టుబాటు.

చెరుకుపల్లి దాటాక కాలవ కట్ట మీద రోడ్డుకి ఒక పక్క అంతా ధాన్యం ఆరబోస్తారు. బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్ళు పేరుస్తారు. ధాన్యం ఎత్తుకున్నాక ఆ రాళ్ళు తియ్యడం ఎవరికీ గుర్తుండదు. మా నాన్న అలాగే వదిలేసేవాడు, చిన్నప్పుడు నేనూ వదిలేసి వచ్చాను. అలాంటి రాయి మీదికి ఆకాష్ ఎక్కాడు. పడ్డాడు. ఎదురుగా ట్రాక్టరు వస్తోంది. మిగతాది నీకు రాయక్కర్లేదు.

ముందున్న వాళ్ళంతా ఆ రాయిని తప్పించుకున్నారు. అంటే మాట వచ్చింది. ఆకాష్ ముందున్న మనిషి దగ్గర ఆగిపోయింది. ఆ మనిషి ఎవరో ఈ ఏడాదిగా నాకు ఎవరూ చెప్పలేదు. ఆ మనిషి వచ్చి మన గుమ్మం తొక్కలేదు, నా తప్పు అనలేదు. నేను మిల్లులో అంకె వేస్తూ ఆగిపోతున్నాను. కూడిక మధ్యలో ఆ వీపు అడ్డం వస్తోంది. మొహం లేని వీపు.

రేపు పొద్దున వీళ్ళ యాత్ర మొదలు. పోయినేటి దారే. తెనాలి నుంచి బాపట్ల, అక్కణ్ణుంచి ఒంగోలు, తిరిగి బాపట్ల, నాలుగో రోజు చెరుకుపల్లి మీదుగా మన రేపల్లె, అయిదో రోజు తెనాలి. వస్తానంటే ఎవరూ కాదనలేదు. ఎందుకు వస్తున్నానో మాత్రం చెప్పలేదు. నీకు చెబుతున్నాను. ఆ మనిషి ఎవరో కనుక్కోవాలి. కనుక్కుని ఏం చేస్తానో తెలియదు. తెలుసుకోకుండా ఇంక ఉండలేను.

నీ
దేవదానం


బాపట్ల,
గురువారం సాయంత్రం

ప్రియమైన రిబ్కాకి,

ఈసారి పైనే రాశాను.

క్షేమంగా బాపట్ల చేరాం. తొడలు రాళ్ళలా బిగుసుకుపోయాయి. రోజూ మిల్లుకి తొక్కేవాణ్ణి కదా, ఇదొక లెక్కా అనుకున్నాను. లెక్కే.

పొద్దున కొలకలూరు దాటేదాకా మంచు. ముందువాడి చొక్కా రంగు తప్ప ఏమీ కనపడలేదు. జట్టుకి పెద్ద ప్రకాశరావు గారు. బడిలో ఆటల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆయన ముందు, వెనక మిగతావాళ్ళు, నన్ను మధ్యలో పెట్టారు. నా ముందు బాబి అని ఒక కుర్రాడు. తెనాలి మార్కెట్ దగ్గర సైకిలు షాపు వాడిదే. ఆకాష్ సైకిలు చక్రం విరిగి మన పంచలో పడి ఉంటే ఒకరోజు వచ్చి తీసుకుపోయి బాగుచేసి తెచ్చాడు, నీకు గుర్తుండే ఉంటుంది. నా వెనక కరుణశ్రీ, చిన్నపిల్లల బళ్ళో టీచరు. ఆ అమ్మాయి ఎక్కువ మాట్లాడదు. నా కళ్ళలోకి అసలు చూడదు.

బాబి నోరు మూతపడదు. చేబ్రోలులో టిఫిన్‌కి ఆగినప్పుడు నన్ను చూపించి అందరితో అన్నాడు, "బాబాయ్ తొక్కుతుంటే మిల్లు బస్తా సైకిలెక్కి ఊరేగినట్టుందిరా."

"బస్తా అయితే మాట్లాడదు. అదొక్కటీ నిజమే" అన్నారు ప్రకాశరావు గారు.

"ఇడ్లీ పెడితే బస్తా మూతి విప్పుద్దేమోనండి" అని నా ఆకులో ఇంకో ఇడ్లీ వేశాడు బాబి. అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. వచ్చినందుకు తర్వాత బాధేసింది. వీళ్ళలో ఎవరో ఒకరు ఆ మనిషి. ఆ మనిషితో కలిసి ఇడ్లీ తిన్నాను.

చేబ్రోలు దాటాక పొన్నూరు రోడ్డు మీద మొదటి రాయి వచ్చింది. ముందునుంచి ప్రకాశరావు గారి కేక. ఒక్కొక్కరి నోటా దగ్గరికొచ్చింది. బాబి తల తిప్పి "రాయి, బాబాయ్" అన్నాడు. నేను తప్పించాను. వెనక్కి చెప్పాలి. నోరు తెరిచాను, మాట రాలేదు. వెనక కరుణశ్రీ సైకిలు కిర్రుమంది. చూసుకుని పక్కకి తిప్పింది గనక పడలేదు.

ప్రకాశరావు గారు అందర్నీ ఆపి నా దగ్గరికొచ్చారు. కోప్పడలేదు. "దేవదానం గారూ, మాట అందించలేకపోతే మధ్యలో ఉండకూడదండి. చివరికి వచ్చెయ్యండి. చివరివాడు ఎవరికీ చెప్పక్కర్లేదు" అన్నారు.

అప్పట్నుంచి చివర తొక్కుతున్నాను. నాకు అదే నయం. అందరి వీపులూ కనపడుతున్నాయి. ఇది కాదు, ఇది కాదు అనుకుంటూ బాపట్ల దాకా వచ్చాను. ఒక సంగతి రాయాలి. ఆ పూట నా వెనక కరుణశ్రీ పడి ఉంటే, పడేసింది నేనే. ఆ ఆలోచన వచ్చింది. వచ్చినా నా కోపం తగ్గలేదు. నేను కొడుకుని పోగొట్టుకున్నవాణ్ణి, నా నోరు పెగల్లేదు. ఆ మనిషికేమైంది?

సాయంత్రం ప్రకాశరావు గారు ఒక్కరే అరుగు మీద కూర్చుని కాళ్ళకి నూనె రాసుకుంటుంటే వెళ్ళి అడిగాను. "ఆ రోజు మావాడి ముందు ఎవరున్నారండి?"

ఆయన చెయ్యి ఆగింది. "అది తెలుసుకుని ఏం చేస్తారు దేవదానం గారూ?"

"తెలుసుకుంటాను."

"వరుస మారుతూ ఉంటుందండి. ఎవరు ఎక్కడున్నారో ఎవరికి గుర్తు" అన్నారు. పోయినేడు ఏ ఊళ్ళో ఏ హోటల్లో ఏ పచ్చడి వేశారో పొద్దున్నుంచి చెబుతున్న మనిషి ఆయన.

"మీకు గుర్తుందండి" అన్నాను.

ఆయన నూనె సీసా మూత బిగించి లేచి నా భుజం మీద చెయ్యి వేశారు. "రేపు ఎదురుగాలి. తొందరగా పడుకోండి" అని లోపలికి వెళ్ళిపోయారు. వీళ్ళందరికీ తెలుసు, రిబ్కా. అందరూ కలిసి ఒకరిని కాపాడుతున్నారు.

నీ
దేవదానం


బాపట్ల,
శనివారం సాయంత్రం

ప్రియమైన రిబ్కాకి,

ఒంగోలు వెళ్ళి తిరిగి వచ్చాం. మనిషి దొరికాడు.

నిన్న దారిలో కరుణశ్రీని అడిగాను. "నన్నడక్కండి అంకుల్, మీ కాళ్ళు పట్టుకుంటాను" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ అమ్మాయేనేమో అనుకుని రాత్రంతా ఏదోలా ఉన్నాను. ఆడపిల్ల, దాన్ని ఏమనగలను.

ఇవాళ తిరిగి వస్తుంటే చీరాల దాటాక నా సైకిలు పంక్చరైంది. మిగతావాళ్ళని పొమ్మని బాబి నా కోసం ఆగాడు. తుమ్మ చెట్టు నీడన సైకిలు తలకిందులు చేసి, ట్యూబు లాగి, పక్కనే బోదె కాలవలో నీళ్ళుంటే అందులో ముంచి బుడగలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో చూస్తున్నాడు. నేను పంపు పట్టుకుని నిలబడ్డాను.

"ఏంటి బాబాయ్, అందర్నీ అడుగుతున్నారంట" అన్నాడు తలెత్తకుండా.

"ఊ."

"కరుణ రాత్రి అన్నం తినలేదు."

"చెప్పేస్తే అడగను కదా."

ట్యూబు వదిలి చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు. "వాళ్ళని అడక్కండి. నేనేనండి. వాడి ముందు నేనే ఉన్నాను. నాకు మాట వచ్చింది. వెనక్కి చెప్పలేదు."

"ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెవిలో పాటలు పెట్టుకున్నానండి."

"మాట వచ్చిందన్నావు కదా."

"వచ్చింది. రాయి తప్పించాను. వెనక్కి చెప్పడం మర్చిపోయాను. అంతేనండి." అక్కడ వాడి గొంతు మారింది. "కొట్టాలంటే కొట్టండి బాబాయ్. పంపు వద్దు, మళ్ళీ టైరుకి కావాలి."

జోకు వెయ్యాలని వేసిన మాట కాదు. వాడికి మాట్లాడ్డం అలాగే వచ్చు. నేను చెయ్యి ఎత్తలేదు. నా చేతిలోంచి పంపు వాడే తీసుకుని గాలి కొట్టాడు. తర్వాత బాపట్ల దాకా వాడి వెనకే తొక్కాను. ఏడాదిగా నా కూడికల్లో అడ్డం పడ్డ వీపు ఎదురుగా ఉంది. చొక్కా చెమటకి అంటుకుపోయి ఎముకలు కనపడుతున్నాయి. ఇంత సన్నటి వీపని అనుకోలేదు.

మన సైకిలు బాగుచేసింది ఎందుకో ఇప్పుడు తెలిసింది. వీడు నీ చేతి మంచినీళ్ళు తాగి, నీతో మాట్లాడి, ఆ మాట కడుపులో పెట్టుకుని వెళ్ళాడు. అది నేను ఓర్చుకోలేకపోతున్నాను.

రేపు నాలుగో రోజు. భోజనం పోయినేటిలా మన ఇంట్లో కాదు, నిన్ను ఇబ్బంది పెట్టకూడదని చర్చి హాల్లో ఏర్పాటు చేశారు ప్రకాశరావు గారు. కానీ ముందుగా బాబిని మన గుమ్మం దగ్గరికి తీసుకొస్తాను. నాకు చెప్పిన మాట నీ ఎదట నిలబడి చెప్పాలి. జట్టంతా వినాలి. పోయినేడు పొయ్యి మీంచి దించిన అన్నం ఎవరూ తినకుండా పాసిపోయింది. దానికి జవాబు ఎవరైనా నీకు చెప్పాలి కదా. ఆ తర్వాత వాణ్ణి ఈ జట్టులో ఉండనివ్వకూడదని అడుగుతాను. నా మాట వింటారు. కొడుకు పోయినవాడి మాట ఎవరూ తీసెయ్యరు.

సామాను వ్యాను నడిపే ముత్తయ్య రేపు తెల్లవారుతూనే ముందుగా రేపల్లె వెళ్ళి, మళ్ళీ చెరుకుపల్లిలో మాకు ఎదురొస్తాడు. ఈ ఉత్తరం అతనితో పంపుతున్నాను. నువ్వు సిద్ధంగా ఉండాలని ముందుగా చెబుతున్నాను.

నీ
దేవదానం


రేపల్లె,
ఆదివారం పొద్దున

ఏమండీ,

ముత్తయ్య గారు గుమ్మంలో కూర్చుని టీ తాగుతున్నారు. ఆయన తాగేలోపల రాయాలి. ఇవాళ ఆరాధనకి వెళ్ళలేదు. మీ మొదటి ఉత్తరాలు రెండూ నిన్న కలిసి వచ్చాయి. నవ్వలేదు గానీ, ఆ ప్రియమైన అన్నచోట చాలాసేపు ఆగాను.

బాబిని ఏమీ అనకండి. ఆ అబ్బాయి మీకు అబద్ధం చెప్పాడు.

మాట వెనక్కి చెప్పాడండి. నేను విన్నాను.

ఆ మధ్యాహ్నం ఆకాష్‌కి నేను ఫోన్ చేశాను. రెండుసార్లు మోగి ఎత్తాడు. "అమ్మా, కాలవ కట్ట మీదున్నాం, వచ్చేస్తున్నాం" అన్నాడు. గాలి చప్పుడు. పెట్టెయ్యొచ్చు కదా నేను. పెట్టెయ్యలేదు. ఎంతమంది వస్తున్నారు, ఇంకో సోలెడు బియ్యం పొయ్యనా అని అడిగాను. వాడు లెక్క చెబుతున్నాడు. మీ కొడుకు కదా, లెక్క అంటే సరిగ్గా చెప్పాలి వాడికి. ప్రకాశరావు మాస్టారు, కరుణశ్రీ, అని పేర్లు చెబుతున్నాడు. వెనకాల ఎక్కడో దూరంగా ఎవరో రాయి అన్నారు. తర్వాత కొంచెం దగ్గరగా రాయి. తర్వాత ఇంకా దగ్గరగా. చివర్న బాబి గొంతు, ఫోన్లో నా చెవి పక్కనే అన్నట్టు, "రాయిరా, రాయి" అన్నాడు. రెండుసార్లు అన్నాడండి. రాయేంటి అనుకున్నాను నేను. నాకు వినపడింది. వాడికి వినపడలేదు. వాడు నేనడిగిన దానికి జవాబు చెబుతున్నాడు.

తర్వాత చప్పుడు. ఎవరెవరో అరవడం. నేను నాన్నా, నాన్నా అని వాణ్ణి పిలుస్తూనే ఉన్నాను. కొంతసేపటికి ఫోన్ ఎవరో తీశారు. "అమ్మా, బాబినమ్మా, మళ్ళీ చేస్తామమ్మా" అని పెట్టేశాడు.

సైకిలు తీసుకుపోవడానికి వచ్చిన రోజు బాబి నా మొహం చూడలేకపోయాడు. ఫోన్ మీద అమ్మ అని నా పేరు వాళ్ళంతా చూసే ఉంటారు. మీకు చెప్పకూడదని కట్టుబడ్డారు. చెప్పమని గానీ, చెప్పొద్దని గానీ నేనెవరినీ అడగలేదు. మీకు చెబుదామని ఎన్నోసార్లు మీ మంచం దగ్గరికి వచ్చాను. మీరు గోడవైపు తిరిగి పడుకునేవాళ్ళు. నిద్రపోవడం లేదని తెలుసు. పిలవలేదు. మీరు వెళ్తానంటే వద్దన్నది అందుకే. ఎవరో ఒకరి నోటి నుంచి వింటారని భయం. ఇవాళ నా నోటి నుంచే వినండి.

గుమ్మం ముందు నిలబెట్టాల్సింది ఎవరినో మీరే చూసుకోండి. నేను ఇంట్లోనే ఉంటాను.

చర్చి హాల్లో భోజనాలు వద్దని ముత్తయ్య గారితో చెప్పాను. అందర్నీ ఇంటికి తీసుకురండి. పొయ్యి వెలిగించాను. పప్పుచారులో మునక్కాయలు వేస్తున్నాను. ముందే ఎంతమందో ముత్తయ్య గారిని అడిగి తెలుసుకున్నాను. ఎవరికీ ఫోన్ చెయ్యక్కర్లేదు.

మీ
రిబ్కా


తెనాలి,
సోమవారం మధ్యాహ్నం

ప్రియమైన రిబ్కాకి,

నిన్న ఒకే ఇంట్లో ఉన్నాం. నువ్వు వడ్డించావు, నేను తిన్నాను. రాత్రి నువ్వు ఇటు, నేను అటు తిరిగి పడుకున్నాం. పొద్దున మళ్ళీ సైకిలెక్కి వచ్చేశాను. ఒక్క మాటా మాట్లాడలేకపోయాను. ఇక్కడికొచ్చి కాగితం తీసుకుంటే తప్ప నాకు నోరు రావడం లేదు. ఇది ఆఖరిసారి అనుకుంటున్నాను.

చెరుకుపల్లిలో ముత్తయ్య ఉత్తరం ఇచ్చినప్పుడు అందరూ కొబ్బరిబోండాలు తాగుతున్నారు. పక్కకి వెళ్ళి చదివాను. రెండోసారి చదవలేదు. వచ్చి బాబి ఎదురుగా నిలబడ్డాను. వాడు నా చేతిలో కాగితం చూశాడు.

"అమ్మ రాశారా?" అన్నాడు.

"ఊ."

"చెప్పకూడదనుకున్నామండి. మీరు మరీ అందర్నీ అడుగుతున్నారు కదా, ఎవరో ఒకళ్ళం అనిపించుకుంటే అయిపోద్దనుకున్నాను."

"పాటలు విన్నావా?"

"నా దగ్గర ఆ చెవిలో పెట్టుకునేవి అసలు లేవండి బాబాయ్. కొనుక్కోలేదు." బోండాం కింద పెట్టాడు. "ఇంకోసారి గట్టిగా అరిచి ఉండాల్సింది. అదొక్కటే నాది" అన్నాడు.

వాడి భుజం పట్టుకున్నాను. వాడు తలొంచుకున్నాడు.

కాలవ కట్ట మీద ఆ చోట అందరూ దిగారు. ప్రార్థన చెయ్యమన్నారు నన్ను. నేను కళ్ళు మూసుకున్నాను, అంతే. రోడ్డు పక్క ఈ ఏడూ ధాన్యం ఉంది. చుట్టూ రాళ్ళు ఉన్నాయి. ఒక ముసలామె కాలితో వడ్లు తిరగదోస్తూ మమ్మల్ని చూసి, "ఏం నాయనా, ఎవరైనా పడ్డారా?" అంది. "లేదమ్మా" అన్నారు ప్రకాశరావు గారు.

ఇంటి దగ్గర నువ్వు గుమ్మంలో నిలబడి ఉన్నావు. అందరికీ కాళ్ళకి నీళ్ళిచ్చావు. బాబికి నువ్వే చెంబుతో పోశావు. నేను పంచలో బల్ల మీద కూర్చున్నాను. లోపల వడ్డన ఇంకా కాలేదు. పప్పుచారు వాసన వస్తోంది. అంతదూరం తొక్కానేమో, ఆకలి కడుపులో మెలిపెట్టింది. ఆ బల్ల, ఆ వాసన, ఆ ఆకలి. నా నోట్లోకి ఒక మాట వచ్చింది. అక్కడ ఆగిపోయాను.

పోయినేడు ఆ వేళకి ఆ బల్ల మీదే కూర్చున్నాను. నాకు ఆకలేసింది. లోపలికి చూసి, "ఎక్కడి దాకా వచ్చారో ఫోన్ చేసి కనుక్కో" అన్నాను. నువ్వు గరిటె పట్టుకునే, "వస్తార్లెండి, తొక్కుతుంటాడు, ఇప్పుడెందుకు" అన్నావు. నేను ఊరుకోలేదు. మళ్ళీ అన్నాను. ఈసారి కొంచెం గట్టిగా అన్నాను. నువ్వు చెయ్యి కొంగుకి తుడుచుకుని ఫోన్ తీశావు. నేను లేచి, వస్తున్నారేమో చూడ్డానికి వీధి చివరికి వెళ్ళిపోయాను.

ఏడాదిలో ఒక్కసారీ ఆ మాట నాకు గుర్తు రాలేదు, రిబ్కా. దాచుకోలేదు. గుర్తే లేదు. రోజూ అనే మాట ఎవరికి గుర్తుంటుంది? కూర తగలబెట్టకు, తలుపెయ్యి, ఫోన్ చేసి కనుక్కో. కానీ నీకు గుర్తుంది. నీ ఉత్తరం మళ్ళీ తీసి చదివాను, ఇక్కడ, ఇప్పుడు. "ఆకాష్‌కి నేను ఫోన్ చేశాను" అని రాశావు. నేను చెయ్యమన్నానని రాయలేదు. అంతా రాశావు, సోలెడు బియ్యం సంగతి కూడా రాశావు. అదొక్కటి వదిలేశావు. ముత్తయ్య టీ తాగేలోపల తొందర తొందరగా రాసిన ఉత్తరంలో కూడా ఆ మాట రాకుండా చూసుకున్నావు.

ఏడాదిగా నువ్వు నా మంచం దగ్గరికి వచ్చి వెనక్కి వెళ్ళింది నీ తప్పు చెప్పలేక కాదు. అది చెబితే నాది బయటికొస్తుందని. నేనేమో ఆ మాట ఎవరి దగ్గర ఆగిపోయిందా అని ఊళ్ళు తిరిగాను. గుమ్మం ముందు ఎవరిని నిలబెట్టాలో చూసుకోమన్నావు. చూసుకున్నాను. నిన్న ఆ గుమ్మం ముందే కూర్చుని ఉన్నాను, నువ్వు వచ్చి "లేవండి, అన్నం పెట్టాను" అన్నావు.

నీకు క్షమాపణ చెప్పాలని కూర్చున్నాను. ఎలా రాయాలో తెలియడం లేదు. నువ్వు నన్ను క్షమించి ఏడాదైంది, నాకే ఇవాళ తెలిసింది. దాని మీద ఇంకేం రాస్తారు. మనవాడు మాత్రం తిరిగి రాడు. ఎవరి మాట ఎవరి దాకా పోయినా, పోకపోయినా.

ఇవాళ పొద్దున రేపల్లెలో బయల్దేరేటప్పుడు ప్రకాశరావు గారితో అన్నాను, నన్ను చివర వద్దు, మధ్యలో పెట్టండి అని. ఆయన నా మొహం చూసి సరేనన్నారు. నా ముందు బాబి, వెనక కరుణశ్రీ. భట్టిప్రోలు దాటాక ముందునుంచి కేక వచ్చింది. బాబి తల తిప్పి చెప్పాడు. నేను తల తిప్పి "రాయి" అన్నాను. గొంతు చీలిపోయి ఏదో జంతువు అరిచినట్టు వచ్చింది. పొలంలో కుప్ప నూర్చేవాళ్ళు తలెత్తి చూశారు. కరుణశ్రీ తన వెనకవాళ్ళకి చెప్పడం నాకు వినపడింది. తర్వాత ఇంకొకరు. అలా చివరిదాకా వినపడింది. ఆ తర్వాత కళ్ళకి రోడ్డు సరిగా కనపడలేదు, బాబి వీపు చూసుకుంటూ తొక్కాను.

యాత్ర అయిపోయింది. వీళ్ళు ఫోటోలు దిగుతున్నారు. సైకిలు బాబి షాపులో ఉంచేశాను, వాణ్ణే తొక్కుకోమన్నాను. ఈ ఉత్తరం పోస్టులో వేస్తాను, నీకు అందేసరికి నేను ఇంట్లో ఉంటాను. అయినా వేస్తాను. నేను నోటితో చెప్పలేకపోతే నువ్వు చదువుకోవచ్చు.

సాయంత్రం రైలుకి వస్తున్నాను. రేపల్లె స్టేషన్లో దిగాక ఎవరి ఫోనైనా అడిగి తీసుకుని నీకు చేస్తాను. ఎవరి చేతా చేయించను, నేనే చేస్తాను. నంబరు కాగితం మీద రాసుకున్నాను. బియ్యం డబ్బా మీద మోగుతుంది. అప్పటికి ఈ ఉత్తరం నీకు అందదని తెలుసు, అయినా రాస్తున్నాను. పెరట్లోకి వెళ్ళకు.

ఎత్తు.

నీ
దేవదానం